హోదా నిబంధనది.. కుర్చీ ఏలినవారిది!

ఐఏఎస్ అధికారికి జీతం ఎప్పుడు పెరగాలో, హోదా ఎప్పుడు మారాలో చెప్పే నిబంధనలున్నాయి. ఆ అధికారిని ఒక పోస్టులో కనీసం ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే నిబంధనలూ ఉన్నాయి. మొదటివి తు.చ. తప్పకుండా అమలవుతున్నాయి. రెండోవి దస్త్రాల్లో మగ్గుతున్నాయి. మన పరిపాలనకు వెన్నెముక ఎందుకు వంగిందని అడిగేవారికి సగం జవాబు ఈ తేడాలోనే దొరుకుతుంది. ఈ పాపం ఏ ఒక్క పార్టీదో కాదు. కేంద్రంలో, రాష్ట్రాల్లో, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా ఏలిన ప్రతి ప్రభుత్వమూ ఇందులో ముద్దాయే.

ముందు మెట్ల సంగతి చూద్దాం. 56,100 రూపాయల మూలవేతనంతో కొలువులో చేరిన యువ అధికారికి 4 ఏళ్లకు సీనియర్ టైమ్ స్కేలు వస్తుంది. 9 ఏళ్లకు జూనియర్ అడ్మినిస్ట్రేటివ్ గ్రేడు, 13 ఏళ్లకు సెలక్షన్ గ్రేడు, 16 ఏళ్లకు సూపర్ టైమ్ స్కేలు, 25 ఏళ్లకు ముఖ్య కార్యదర్శి హోదా. 30 ఏళ్లు నిండితే 2,25,000 రూపాయల అపెక్స్ స్కేలు, అంటే ప్రధాన కార్యదర్శి స్థాయి. ఆపైన దేశం మొత్తానికి ఒకే ఒక్క మెట్టు, 2,50,000 రూపాయల వేతనంతో కేబినెట్ కార్యదర్శి పదవి. విజిలెన్స్ కేసులు, శాఖాపరమైన విచారణలు మెడకు చుట్టుకోకపోతే రాష్ట్రంలో ఈ మెట్లు దాదాపు వాటంతటవే వస్తాయి. బాగా పనిచేసినవారికీ, కాలక్షేపం చేసినవారికీ ఒకే ఏడాది వస్తాయి.

అసలు కథ మెట్ల మీద లేదు, కుర్చీలో ఉంది. ఒకే బ్యాచ్, ఒకే గ్రేడు, ఒకే జీతం ఉన్న ముగ్గురు అధికారులను తీసుకోండి. ఒకరు లక్షల మంది భూములు, పింఛన్లు, పాఠశాలలు చూసే జిల్లా కలెక్టరు. మరొకరు వ్యాపారమూ బడ్జెట్టూ లేని ఏదో కార్పొరేషన్‌కు ఎండీ. ఇంకొకరికి ఏ పనీ లేదు. ‘సాధారణ పరిపాలన శాఖ (జీఏడీ)లో రిపోర్టు చేయండి’ అన్న ఒక్క వాక్యం తప్ప చేతిలో ఏమీ లేదు. సచివాలయ భాషలో మొదటిది ఫోకల్ పోస్టు, రెండోది లూప్‌లైన్, మూడోది వెయిటింగ్. ఎవరికి ఏది దక్కాలో నిర్ణయించడానికి ప్రతిభ కొలమానమైతే పేచీయే లేదు. ఏలినవారి మాటకు ఎంత త్వరగా తలూపుతారన్నదే కొలమానమైనప్పుడు అది ప్రజాస్వామ్యానికి పట్టిన జబ్బు.

ఈ సర్వీసును ఎందుకు పెట్టుకున్నామో మరిచిపోకూడదు. 1949 అక్టోబరులో రాజ్యాంగ సభలో సర్దార్ పటేల్ దీని కోసం గట్టిగా పట్టుబట్టారు. మంత్రికి నచ్చినా నచ్చకపోయినా తన అభిప్రాయాన్ని నిర్భయంగా చెప్పగలిగే అధికారులు లేకపోతే దేశం ఒక్కటిగా నిలవదన్నది ఆయన వాదన సారాంశం. అందుకే 312వ అధికరణ అఖిల భారత సర్వీసులకు చోటిచ్చింది. 311వ అధికరణ అధికారిని ఇష్టానుసారం ఉద్యోగం నుంచి తీసేయకుండా రక్షణ కల్పించింది. రాజ్యాంగ నిర్మాతలు కాపాడింది ఉద్యోగాన్ని. దాంతో ఏలినవారు ఉద్యోగాన్ని వదిలేసి పోస్టింగును పట్టుకున్నారు. డిస్మిస్ చేయడానికి విచారణ కావాలి, నోటీసు కావాలి, యూపీఎస్‌సీ సలహా కావాలి. బదిలీకి రాత్రి పొద్దుపోయాక వెలువడే ఒక్క జీవో చాలు.

ఆ జీవోను దగ్గరగా చూడండి. పది పదిహేను పేర్లు. ఒక్కో పేరు కింద నాలుగైదు పంక్తులు. ఫలానా పోస్టు నుంచి బదిలీ, ఫలానా చోట నియామకం. ఖాళీ అయిన పోస్టుకు పక్క శాఖ అధికారి పూర్తి అదనపు బాధ్యతలు చూస్తారు. బదిలీ అయిన అధికారికి ఆ పోస్టులో ఎన్ని నెలలు నిండాయో అందులో ఉండదు. ఎందుకు కదిలిస్తున్నారో ఉండదు. బదిలీలపై సిఫార్సు చేయాల్సిన సివిల్ సర్వీసెస్ బోర్డు ఏం చెప్పిందో ఉండదు. గుమాస్తాకు మెమో ఇవ్వాలన్నా కారణం రాయాలి. లక్షలాది ప్రజలకు జవాబుదారీ అయిన కలెక్టరును కదిలించడానికి మాత్రం కారణం అక్కర్లేదా?

చట్టం ఒప్పుకోదు. మాజీ కేబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్ సహా 83 మంది విశ్రాంత అధికారులు వేసిన పిటిషన్‌పై 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అధికారులకు కనీస పదవీకాలం ఉండాలి, ప్రతి రాష్ట్రంలో సివిల్ సర్వీసెస్ బోర్డు ఏర్పడాలి, నోటిమాట ఆదేశాలను కాగితం మీద పెట్టాలి అంది. 2014 జనవరిలో కేంద్రం ఐఏఎస్ క్యాడర్ నిబంధనలను సవరించింది. క్యాడర్ పోస్టులో కనీసం 2 ఏళ్లు ఉంచాలి. ముందే కదిలించాలంటే బోర్డు సిఫార్సు తప్పనిసరి. ప్రభుత్వం ఆ సిఫార్సును కాదంటే కారణాలు రాయాలి. గడువుకు ముందు జరిగిన బదిలీల మీద బోర్డు మూడు నెలలకోసారి కేంద్రానికి నివేదిక పంపాలి. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన చట్టం ఇంత నిశ్శబ్దంగా బుట్టదాఖలు కావడం అరుదు. ఆ త్రైమాసిక నివేదికలను ఏ రాష్ట్రంలోనైనా ఒక్క సామాన్య పౌరుడు కళ్లజూశాడా?

లోపం బోర్డు నిర్మాణంలోనే ఉంది. దానికి అధ్యక్షుడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి. సభ్యులు ఆయన కింది సీనియర్ అధికారులు. వీరందరి కుర్చీలూ ముఖ్యమంత్రి చేతిలోనే ఉంటాయి. తన కుర్చీకే భరోసా లేని మనిషి కిందివారి కుర్చీలకు కాపలా కాయగలడా? 2019 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. అప్పటి ప్రధాన కార్యదర్శి ఎల్వీ సుబ్రహ్మణ్యాన్ని ఉన్నపళంగా తప్పించి బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థకు పంపారు. ఆయన పదవీ విరమణకు ఇంకా కొన్ని నెలల సమయం ఉంది. ఆ ఉత్తర్వుపై సంతకం చేసింది ఆయన కింద పనిచేసే ముఖ్య కార్యదర్శి. ప్రభుత్వ వ్యవహార నిబంధనల విషయంలో అదే అధికారికి కొద్ది రోజుల ముందు ఆయన షోకాజ్ నోటీసు ఇచ్చారు. ప్రధాన కార్యదర్శిగా ఎవరుండాలో ఎంచుకునే హక్కు ముఖ్యమంత్రికి ఉందన్నది నిజమే. తమిళనాడు మాజీ ప్రధాన కార్యదర్శి రాయప్ప కేసులో 1973లో సుప్రీంకోర్టు కూడా అది విశ్వాసంతో ముడిపడిన పదవేనని చెప్పింది. రాయప్ప ఓడిపోయారు. కానీ నిరంకుశత్వమూ సమానత్వమూ ఒక చోట ఇమడవన్న గొప్ప సూత్రం ఈ దేశానికి దక్కింది అదే తీర్పులో. విశ్వాసం లేదన్న ఒక్క మాట చాటున నిరంకుశత్వం దాక్కుంటే దాన్ని అడిగేవారెవరు? నిబంధన పాటించమన్న పెద్ద అధికారికే ఈ గతి పడితే, జిల్లాలో ఇసుక లారీని ఆపిన సబ్ కలెక్టరుకు అందే సందేశం ఏమిటి?

ప్రభుత్వం మారినా పద్ధతి మారలేదు. ఐపీఎస్ కూడా అఖిల భారత సర్వీసే కాబట్టి ఆ ఉదాహరణలూ చెప్పుకోవాలి. డీజీ స్థాయి అధికారి ఏబీ వెంకటేశ్వరరావును 2020 ఫిబ్రవరిలో సస్పెండ్ చేసిన ప్రభుత్వం, ఏళ్ల తరబడి న్యాయపోరాటం తర్వాత 2024 మే 31న పోస్టింగు ఇచ్చింది. ఆయన అదే రోజు సాయంత్రం పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ హయాంలో, 2024 ఆగస్టులో, పోస్టింగు కోసం నిరీక్షిస్తున్న 16 మంది ఐపీఎస్‌లను రోజూ ఉదయం పదింటికి డీజీపీ కార్యాలయానికి వచ్చి సంతకం చేయాలని ఆదేశించారు. వారిలో తప్పు చేసినవారుంటే విచారించి శిక్షించాలి. దోషమే లేకపోతే పని ఇవ్వాలి. ప్రజల సొమ్ముతో జీతమిస్తూ ఖాళీగా కూర్చోబెట్టడం శిక్షా కాదు, పరిపాలనా కాదు. అది కక్ష.

దేశమంతటా ఇదే తంతు. హరియాణాలో అశోక్ ఖేమ్కా 2025 ఏప్రిల్ 30న పదవీ విరమణ చేశారు. దాదాపు 34 ఏళ్ల సర్వీసులో 57 బదిలీలు. సగటున ఏడెనిమిది నెలలకో పోస్టు. ఇంతమాత్రాన ఆయనకు హోదా ఆగిందా అంటే లేదు. అదనపు ప్రధాన కార్యదర్శి స్థాయిలోనే దిగిపోయారు. నిబంధన ఇచ్చిన మెట్లన్నీ ఎక్కారు. ప్రజలకు పనికొచ్చే పని ఒకచోట స్థిరంగా చేసే అవకాశమే దక్కలేదు. లక్ష్మీ అయ్యర్, ఆనందీ మణి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఐఏఎస్‌ల సర్వీసు రికార్డులు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పోస్టులో అధికారి ఉండే సగటు కాలం 16 నెలలు. ముఖ్యమంత్రి మారితే బదిలీల ఉధృతి పెరుగుతుందనీ వారు తేల్చారు. ఆ తర్వాత వచ్చిన నిబంధన కోరిన రెండేళ్లలో అది మూడింట రెండొంతులే.

దీని బరువు చివరికి ఎవరి మీద పడుతోంది? సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి చూడండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్లాస్టిక్ కవరులో పాసు పుస్తకం, అడంగల్ నకలు, పాత అర్జీల రసీదులు పట్టుకుని వరుసలో నిలబడినవారిలో, తాతల నాటి పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాకు ఎక్కిన రైతు ఒకరుంటారు. కలెక్టరు అర్జీ చదివి, తహసీల్దారు నివేదిక కోరతారు. సర్వేయరు కొలత, ఆర్డీవో సిఫార్సు, జాయింట్ కలెక్టరు పరిశీలన పూర్తయి దస్త్రం మళ్లీ పైకి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా కలెక్టరు మారిపోతారు. కొత్తగా వచ్చినవారు తాను చూడని దస్త్రం మీద సంతకం పెట్టడానికి జంకుతారు. మళ్లీ నివేదిక అడుగుతారు. తెలంగాణలో 2020 చట్టంతో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చాక తప్పుల సవరణలో చాలా భాగం కలెక్టరు చేతికే వెళ్లింది. కుర్చీ ఒక్కసారి కదిలితే వేల దరఖాస్తులు ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. బదిలీ అయిన అధికారికి జీతం ఆగదు, కారు ఆగదు. ఆగేది రైతు పని ఒక్కటే.

మెట్లు న్యాయంగా ఉన్నాయనుకుంటే అదీ పొరపాటే. సివిల్స్ పరీక్ష రాసేందుకు జనరల్ అభ్యర్థులకు 32, బీసీలకు 35, ఎస్సీ ఎస్టీలకు 37 ఏళ్ల వయోపరిమితి. చదువు ఆలస్యమైనవారికి, ఇంటి బరువు మోస్తూ మళ్లీ మళ్లీ ప్రయత్నించేవారికి ఇచ్చిన న్యాయమైన వెసులుబాటు ఇది. కానీ అందరికీ పదవీ విరమణ 60 ఏళ్లకే. అపెక్స్ స్కేలుకు 30 ఏళ్ల సర్వీసు కావాలి. అంటే 30 దాటి చేరినవారికి ఆ తలుపు చేరిన రోజే మూతపడుతుంది. 36, 37 ఏళ్లకు చేరినవారికి 25 ఏళ్ల సర్వీసు కూడా మిగలదు. ముఖ్య కార్యదర్శి హోదా సైతం అందదు. ప్రవేశంలో ఇచ్చిన సామాజిక న్యాయాన్ని పైకి వెళ్లే దారిలో వయసు పేరిట వెనక్కి లాక్కుంటున్నామన్నమాట. మరియాన్ బెర్‌ట్రాండ్, రాబిన్ బర్జెస్, అరుణీష్ చావ్లా, గువో షు కలిసి 2020లో ప్రచురించిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. పై మెట్టు అందదని ముందే తేలిపోయిన అధికారుల్లో పనితీరు తగ్గుతోంది, సస్పెన్షన్లు పెరుగుతున్నాయి. ఇది ఆ వ్యక్తుల గుణదోషం కాదు. ఎంత శ్రమించినా దారి లేదని చెప్పే నిచ్చెన దోషం.

కింది నుంచి వచ్చేవారి సంగతి మరీ అన్యాయం. ఐఏఎస్ సీనియర్ పోస్టుల్లో మూడో వంతు వరకు రాష్ట్ర సర్వీసుల నుంచి పదోన్నతితో నింపాలని నిబంధన. డిప్యూటీ కలెక్టరుగా, ఆర్డీవోగా ఊళ్లన్నీ తిరిగి, భూ రికార్డుల లోతుపాతులు తెలిసిన మనిషి ఐఏఎస్ అయ్యేసరికి నడివయసు దాటిపోతుంది. సీనియారిటీ జాబితాల వివాదాలు, కోర్టు కేసులు, కమిటీ సమావేశాల జాప్యం వారి ఏళ్లను మింగేస్తున్నాయి. ఆ తర్వాతా ‘కన్ఫర్డ్ ఐఏఎస్’ అన్న ముద్ర వారిని వదలదు. అసలు కింది మెట్టే సకాలంలో వేయడం లేదు. 2014లో ఏర్పడిన తెలంగాణలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చింది. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకై ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరోసారి రద్దయింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చి నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబరు. ఇన్నేళ్లు డిప్యూటీ కలెక్టర్లే రాకపోతే రేపు ఆ రాష్ట్ర మట్టి వాసన తెలిసిన ఐఏఎస్‌లు ఎక్కడి నుంచి వస్తారు?

ఢిల్లీ మెట్ల మీదా వెలుతురు లేదు. కేంద్రంలో జాయింట్ సెక్రటరీ, ఆపై పదవులకు ఎంపానెల్ కావాలంటే, అంటే అర్హుల జాబితాకు ఎక్కాలంటే, వార్షిక నివేదికలు చాలవు. ‘360 డిగ్రీల’ మదింపు పేరుతో సహోద్యోగుల, కింది ఉద్యోగుల అభిప్రాయాలు సేకరిస్తారు. ఎవరేమన్నారో, దేని మీద పక్కన పెట్టారో అధికారికి తెలియదు. వార్షిక నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవదత్ కేసులో చెప్పింది. ఈ మదింపు పద్ధతి పారదర్శకంగా లేదని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2017లోనే ఆక్షేపించింది. అయినా పద్ధతి ముసుగులోనే ఉంది. ఇంకోవైపు ఐఏఎస్‌లో 6,858 మంజూరు పోస్టులకు గాను 2024 ఆరంభానికి 1,316 ఖాళీలు. ఖాళీలు పూడ్చకుండా, ఉన్నవారికి నైపుణ్యం పెంచకుండా 2024 ఆగస్టులో నేరుగా బయటివారిని తెచ్చేందుకు 45 పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్లు లేవన్న విమర్శతో మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. సర్వీసు పట్ల ఒక ఆలోచనంటూ ఉన్న ప్రభుత్వం చేసే పనులు కావివి.

తప్పంతా రాజకీయ నాయకుల మీదికి నెట్టి అధికారులు చేతులు దులుపుకోలేరు. నోటిమాట ఆదేశానికి లిఖితపూర్వక ధ్రువీకరణ కోరమని ప్రవర్తనా నియమావళే చెబుతోంది. ఎంతమంది కోరుతున్నారు? బదిలీకి భయపడి కొందరు, మంచి జిల్లా కోసం కొందరు, పదవీ విరమణ తర్వాత సలహాదారు హోదా కోసం కొందరు సంతకాలు పెట్టేస్తున్నారు. 2021 నవంబరులో సిద్దిపేట కలెక్టరు రాజీనామా చేసి, మర్నాడే అధికార పార్టీ అభ్యర్థిగా ఎమ్మెల్సీ నామినేషన్ వేశారు. చట్టం దాన్ని అడ్డుకోలేదు. కానీ అంతకుముందు రోజు దాకా ఆ కలెక్టరు సంతకం చేసిన ప్రతి దస్త్రం మీదా ప్రజలకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? తోటి అధికారికి అన్యాయం జరిగినప్పుడు ఐఏఎస్ అధికారుల సంఘాలు ఏ పార్టీ అధికారంలో ఉందో చూసి నోరు విప్పడం మానుకోనంత కాలం ఆ సంఘాల మాటకు విలువ రాదు.

ఈ సర్వీసు ఇలాగే ఉండాలని ఎక్కడా రాసిలేదు. మన క్యాడర్‌లోనే పీఎస్ కృష్ణన్, ఎస్ఆర్ శంకరన్ పనిచేశారు. ఎస్సీల కోసం ప్రత్యేక ఉప ప్రణాళిక రూపకల్పనలో కృష్ణన్ కృషి చరిత్రకెక్కింది. వెట్టి కార్మికుల విముక్తి, గిరిజనుల హక్కులు, సాంఘిక సంక్షేమ గురుకులాలు అనగానే శంకరన్ పేరు గుర్తొస్తుంది. 2005లో ప్రకటించిన పద్మభూషణ్‌ను కూడా ఆయన స్వీకరించలేదు. అలాంటివారు అదృష్టవశాత్తూ దొరకడం కాదు, అలా పనిచేయదలచిన ప్రతివారికీ వ్యవస్థ అండగా ఉండాలి.

అందుకు చేయవలసిన పనులు తెలియనివి కావు. సివిల్ సర్వీసెస్ బోర్డుకు పార్లమెంటు చట్టం ద్వారా స్వతంత్ర ప్రతిపత్తి ఇవ్వాలి. ముఖ్యమంత్రి దయతో కూర్చునే ప్రధాన కార్యదర్శి ఒక్కరి చేతిలో దాన్ని పెట్టకూడదు. రెండేళ్లు నిండకుండా చేసే ప్రతి బదిలీ జీవోలో కారణమూ, బోర్డు సిఫార్సూ ఉండాలి. అవి లేని జీవో చెల్లకూడదు. బోర్డు త్రైమాసిక నివేదికలను ప్రజల ముందు పెట్టాలి. పోస్టింగు లేకుండా నెల దాటి ఏ అధికారినీ ఉంచరాదు. ఉంచితే శాసనసభకు సంజాయిషీ చెప్పాలి. పై హోదాలకు ఏళ్ల లెక్కతో పాటు పని లెక్క కూడా చూడాలి. ఆలస్యంగా చేరినవారికి సర్వీసు గడువులో సడలింపు ఇవ్వాలి. కొలువు వదిలిన అధికారి రాజకీయ పదవి గానీ, ప్రభుత్వ సలహాదారు పదవి గానీ చేపట్టడానికి కనీసం రెండేళ్ల విరామం ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఏ సభ్యుడైనా వచ్చే సమావేశాల్లోనే ఒక ప్రశ్న వేయవచ్చు. గత ఐదేళ్లలో రెండేళ్లు నిండకుండా ఎంతమంది ఐఏఎస్‌లను కదిలించారు? అందులో ఎన్నింటికి బోర్డు సిఫార్సు ఉంది? ఎన్నింటికి కారణం రాశారు? అధికార పక్షమూ, నిన్నటి అధికార పక్షమూ ఇద్దరూ జవాబుదారులే. ఆ లెక్కను సభ ముందు పెట్టలేని ప్రభుత్వానికి అధికారుల నిజాయతీ గురించి ఉపన్యసించే నైతిక అర్హత లేదు.